పసిబిడ్డ ఛాతీ వాపు నుంచి ముట్లు ఆగాక తగిలే గడ్డ దాకా: తల్లులు అడిగేవాటికి 'ఎందుకు' కావాలి

సెక్టార్_మీటింగ్ అడిగారు:

అందరికీ నమస్కారం. ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు. మా అంగన్‌వాడీ సెక్టారులో తల్లుల సమావేశాలు పెడుతున్నాం. పోస్టరు మీదున్న నాలుగు ముక్కలు చదివేస్తే ఎవరూ వినరు, వాళ్ళ సందేహాలు వేరేగా ఉంటాయి. తరచూ వచ్చేవి ఇవి.

పుట్టిన వారంలో బిడ్డకి, మగబిడ్డకైనా సరే, రొమ్ములు ఉబ్బి పాలచుక్క వస్తుంది. పిండకపోతే గడ్డకడుతుందని పెద్దవాళ్ళు పిండుతుంటారు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఒక పక్కే చనుమొన కింద గోలీకాయంత గట్టి బిళ్ళ కనిపిస్తే ఇల్లంతా కంగారు. సిజేరియనై రెండో రోజు: "ఇంకా పాలు పడలేదు, డబ్బాపాలు పట్టమంటారా?" రొమ్ము చిన్నదైతే పాలు చాలవన్న భయం. పాలు పడిన వారంలోనే చంకలో ఉండ తేలిందని ఏడ్చేవాళ్ళు. యాభై దాటినవాళ్ళేమో గడ్డ తగిలినా "నొప్పి లేదుగా" అని ఊరుకుంటారు.

చేయాలా వద్దా అన్నది చెప్పగలను. ఎందుకు అని తిరిగి అడిగితేనే తడబడతాను. లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

---

పసిపిల్లల_వార్డు:

మొదటి రెండూ నేను చెప్తాను.

పిండకూడదు, పిసకకూడదు, నూనె పెట్టి రుద్దకూడదు. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి ఈస్ట్రోజన్ హార్మోను మాయ గుండా బిడ్డకి అందుతూనే ఉంటుంది. ఆ వయసులో ఆడబిడ్డ రొమ్ముకీ మగబిడ్డ రొమ్ముకీ తేడా లేదు, ఇద్దరిదీ ఉబ్బుతుంది. పుట్టగానే తల్లి హార్మోన్లు బిడ్డ రక్తంలోంచి జారిపోతాయి, బిడ్డ సొంత ప్రొలాక్టిన్ (పాలు తయారుచేసే హార్మోను) మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటుంది. అందుకే మొదటి వారంలో ఆ చుక్క. ఏమీ చేయకపోతే కొన్ని వారాల్లో దానంతటదే మెత్తబడుతుంది, కొందరికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. పిండితే చర్మం మీద కాపురముండే స్టాఫిలోకాకస్ క్రిమి లోపలికి పోతుంది. ఒక పక్కే ఎర్రబడి, వేడెక్కి, బిడ్డ పాలు తాగడం తగ్గించిందంటే చీము పడుతోందని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆడపిల్లయితే ఆ చీము రేపు రొమ్ముగా ఎదగాల్సిన మొగ్గనే తినేసి, పదేళ్ళ తర్వాత ఆ పక్క రొమ్ము సరిగా ఎదగకపోవచ్చు. అవ్వలకి ఈ ఒక్క మాట చెబితే పిండడం మానేస్తారు.

తొమ్మిదేళ్ళ పిల్లకి కనిపించేది కూడా ఆ మొగ్గే. ఆడపిల్లల్లో ఇది 8 నుంచి 13 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. రెండు పక్కలా ఒకేసారి రావాలని లేదు. ఒకటి ముందొచ్చి రెండోది ఆరు నెలల దాకా ఆలస్యం కావచ్చు. ముట్టుకుంటే నొప్పి ఉంటుంది, అది సహజం. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, గడ్డ అనుకుని కోయించడం, ముక్క తీయించడం. చనుమొన వెనకున్న ఆ చిన్న బిళ్ళే రేపటి రొమ్ము మొత్తం. అది తీసేస్తే ఆ పక్క ఇక రాదు. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ చాలు.

ఎదుగుదలని ఐదు దశలుగా చూస్తాం, టానర్, మార్షల్ 1969లో ఆడపిల్లల మీద ప్రచురించిన పద్ధతి అది. మొగ్గ కనపడటం రెండో దశ. అక్కణ్ణుంచి రజస్వల కావడానికి సుమారు రెండు, రెండున్నర ఏళ్ళు. 8 ఏళ్ళు నిండకముందే మొగ్గ వచ్చినా, 13 నిండినా జాడ లేకపోయినా పిల్లల డాక్టరుకి చూపించండి. మగపిల్లలకీ 12–14 ఏళ్ళప్పుడు చనుమొన కింద బిళ్ళ రావడం చాలా మామూలు. ఆరు నెలల నుంచి రెండేళ్ళలో పోతుంది. వాళ్ళు సిగ్గుతో చెప్పరు, ఇంట్లోవాళ్ళే గమనించి ధైర్యం చెప్పాలి.

---

ఉగ్గుగిన్నె (లాక్టేషన్ కౌన్సెలింగ్):

పాల సంగతి కాస్త విడమరిచి రాస్తాను. ఇది అర్థమైతే మిగతా సగం ప్రశ్నలు వాటంతటవే తీరిపోతాయి.

రజస్వల అయ్యేసరికి రొమ్ము పూర్తిగా తయారైందనుకుంటాం. కాలేదు. అప్పటికి ఉన్నది కొవ్వు, దాన్ని పట్టి ఉంచే పోగులు, కొన్ని నాళాలు, వాటి చివర చిన్న చిగుళ్ళు. పాలు చేసే తిత్తులు గుత్తులు గుత్తులుగా ఎదిగేది గర్భం వచ్చాకే. అంటే మన ఒంట్లో పెద్దయ్యాక పని పూర్తిచేసుకునే అవయవం ఇదొక్కటే అనొచ్చు. పైకి కనిపించే పరిమాణం ఎక్కువగా కొవ్వుది, తిత్తులది కాదు. కాబట్టి చిన్న రొమ్ము ఉన్న తల్లికి రోజు మొత్తంలో పాలు తగ్గవు. ఒకసారికి పట్టే నిల్వ మాత్రం మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. గిన్నె చిన్నదైతే ఎక్కువసార్లు వంచుకోవాలి, అంతే.

చాలా పుస్తకాల్లో రొమ్ముకి 15–20 నాళాలు, చనుమొన వెనక పాలు నిలవుండే సంచులు అని ఉంటుంది. 2005లో ఆస్ట్రేలియాలో పాలిచ్చే తల్లులకి అల్ట్రాసౌండ్ తీసి చూస్తే చనుమొన దగ్గర తెరుచుకునే నాళాలు సగటున తొమ్మిదే కనిపించాయి, ఆ సంచులు అసలు లేవు. పాలు తిత్తుల్లోనే ఉంటాయి. అందుకే చేపు రాకుండా, అంటే పాలు కిందికి దిగకుండా, ఎంత పిండినా నాలుగు చుక్కలే.

గర్భంలో ఇంచుమించు 16వ వారానికే ముర్రుపాలు తయారవడం మొదలవుతుంది. మరి ధారగా ఎందుకు రావు? మాయ నుంచి వచ్చే ప్రొజెస్టరాన్ అనే హార్మోను ఆపి ఉంచుతుంది. మాయ బయటికి రాగానే ఆ పట్టు సడలుతుంది, అప్పట్నుంచి 30 నుంచి 72 గంటల్లో పాలు పడతాయి. కాన్పు మామూలుదైనా సిజేరియనైనా ఈ గడియారం మొదలయ్యేది మాయతోనే. ఆపరేషన్ వల్ల పాలు రావన్నది తప్పు. అయితే నొప్పి, బిడ్డని ఆలస్యంగా ఇవ్వడం, తల్లి లేవలేకపోవడం వల్ల కొంచెం వెనకబడొచ్చు. మధుమేహం, అధిక బరువు, తొలి కాన్పు కూడా కొన్ని గంటలు వెనక్కి లాగుతాయి.

ఇప్పుడు రెండో రోజు సంగతి. మొదటి 24 గంటల్లో బిడ్డకి ఒక్కో దఫాకి 2–10 మిల్లీలీటర్లు సరిపోతాయి. రెండో రోజు 5–15, మూడో రోజు 15–30, నాలుగో రోజు 30–60. తల్లి దగ్గరున్న ముర్రుపాలు కూడా సరిగ్గా ఆ లెక్కలోనే ఉంటాయి. బంధువులు డబ్బాపాలు ఒకేసారి 30 మిల్లీలీటర్లు పట్టేస్తే బిడ్డ మూడు నాలుగు గంటలు పడుకుంటుంది. రొమ్ము ఖాళీ కాదు. ఖాళీ కాని రొమ్ము పాలు చేయడం తగ్గిస్తుంది. నాలుగో రోజుకి "చూశారా, ఈ అమ్మాయికి పాలు లేవు" అంటారు. లేకపోవడం కాదు, మనమే ఆపాం.

ఇందులో రెండు హార్మోన్ల పని ఉంది. ప్రొలాక్టిన్ పాలు చేస్తుంది, రాత్రిపూట ఎక్కువ ఊరుతుంది, కాబట్టి రాత్రి దఫాలు మానకూడదు. ఆక్సిటోసిన్ చేసిన పాలని బయటికి నెడుతుంది. పల్లెల్లో దీన్ని వివరించక్కర్లేదు, దూడని విడవందే ఆవు చేపదని అందరికీ తెలుసు. తల్లికీ అంతే. బిడ్డ చీకడం, బిడ్డ వాసన, ఏడుపు వల్ల చేపు వస్తుంది. నొప్పి, భయం, చుట్టూ పదిమంది నిలబడి "వస్తున్నాయా?" అని అడగడం వల్ల ఆగుతుంది. గదిలోంచి చుట్టాలని బయటికి పంపించడం కూడా వైద్యమే. వీటికి తోడు ప్రతి రొమ్ముకీ సొంత లెక్క ఒకటుంది. నిండుగా ఉంటే తయారీ నెమ్మదిస్తుంది, ఖాళీ అయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. ఒక పక్కే తాగించే తల్లికి రెండో పక్క తగ్గిపోయేది ఇందుకే.

చేయాల్సింది: గంటలోపు బిడ్డని ఛాతీ మీద వేయడం. రోజుకి 8 నుంచి 12 సార్లు, ఏడ్చేదాకా ఆగకుండా, నోరు చప్పరించగానే ఇవ్వడం. సిజేరియన్ తల్లికి పక్కకి తిరిగి పడుకుని గానీ, బిడ్డ కాళ్ళు తల్లి చంక కింద నుంచి వెనక్కి ఉండేలా పట్టుకుని గానీ ఇస్తే కుట్ల మీద బరువు పడదు. బిడ్డ నోరు ఆవులించినంత తెరవాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి మడత పడాలి, చనుమొన చుట్టూ ఉండే నల్లని భాగం కిందకన్నా పైన ఎక్కువ కనిపించాలి. తల్లికి నొప్పి పుడుతుంటే పట్టు తప్పిందన్నమాట. పెదవి మూలన చిటికెనవేలు పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి, లాగేయకండి.

బిడ్డ పట్టకపోయినా, ఎస్ఎన్‌సీయూ (జబ్బు పసికందుల ప్రత్యేక విభాగం)లో ఉన్నా చేత్తో తీయాలి. బొటనవేలు నల్లభాగం పై అంచున, చూపుడువేలు కింది అంచున పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్ళు దగ్గరికి నొక్కి వదలాలి. చర్మం మీద వేళ్ళు జారకూడదు. ఒక పక్క 3–5 నిమిషాలు, ధార తగ్గగానే రెండో పక్క, ఇలా మార్చుతూ 20–30 నిమిషాలు. 24 గంటల్లో కనీసం 8 సార్లు, రాత్రి కూడా. తీసింది ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టండి, సీసా వద్దు. గది చల్లగా ఉంటే 4 గంటలు నిలవుంటాయి, మన ఎండాకాలంలో అంతసేపు ఉంచకండి. ఫ్రిజ్ లోపలి భాగంలో 24 గంటలు అనుకుంటే క్షేమం. తలుపు అరలో పెట్టొద్దు.

చాలుతున్నాయా అనేది రొమ్ము బరువు చూసి కాదు, బిడ్డని చూసి తేల్చాలి. ఐదో రోజు నుంచి రోజుకి ఆరు, అంతకన్నా ఎక్కువసార్లు లేత రంగు మూత్రం, నల్లటి తొలి విరేచనం పోయి పసుపు రంగు రావడం. మొదటి రోజుల్లో 7 శాతం దాకా బరువు తగ్గడం మామూలు. 10 శాతం చేరితే ఆగకుండా చూపించాలి. రెండు వారాల్లోపు పుట్టిన బరువుకి రావాలి, ఆ తర్వాత మూడు నెలల దాకా రోజుకి 25–30 గ్రాములు పెరగాలి. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ తాగేది రోజుకి సుమారు 750–800 మిల్లీలీటర్లు.

నిజంగానే పాలు పడనివాళ్ళు కొందరుంటారు. 72 గంటలు దాటినా రొమ్ములో బరువు తెలియకపోతే వెతకాల్సినవి: లోపల మాయ ముక్క మిగిలిందా, కాన్పులో రక్తం బాగా పోయి పిట్యూటరీ (మెదడు కిందుండే గ్రంథి) దెబ్బతిన్నదా, థైరాయిడ్, ఇదివరకు చనుమొన అంచున కోత పెట్టిన ఆపరేషన్, గర్భంలో రొమ్ములో ఏ మార్పూ రాకపోవడం. వీళ్ళని "ఇంకా ప్రయత్నించు" అని వేధించకూడదు. బిడ్డకి పాలు కావాలి, అవసరమైతే డాక్టరు చెప్పిన కొలతలో డబ్బాపాలైనా సరే. నెలలు నిండని బిడ్డయితే నీలోఫర్‌లాంటి ఆసుపత్రుల్లో తల్లిపాల బ్యాంకు ఉంది. దాతల పాలని 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి ఇస్తారు.

---

సెక్టార్_మీటింగ్:

మేడమ్, 'మాయ పడితేనే పాలు పడతాయి' అన్నది అలాగే మీటింగులో చెప్తాను. ఇంకో మూడు అడగనివ్వండి. చనుమొన లోపలికి ఉన్నవాళ్ళకి ఏం చెప్పాలి? పాలు గడ్డకడితే వేడి కాపడం పెట్టి గట్టిగా మర్దన చేయమంటున్నాం, సరేనా? పథ్యం పేరుతో బాలింతకి నీళ్ళు కూడా లెక్కపెట్టి ఇస్తున్నారు.

---

ఉగ్గుగిన్నె:

ముందు పరీక్ష చేయండి. నల్లభాగం అంచున రెండు వేళ్ళతో నొక్కితే చనుమొన బయటికొస్తే ఏ ఇబ్బందీ లేదు, బిడ్డ పట్టేది చనుమొన ఒక్కదాన్నే కాదు కదా. లోపలికే పోతే సిరంజి పద్ధతి. 10 మిల్లీలీటర్ల కొత్త సిరంజి, చనుమొన పెద్దదైతే 20ది తీసుకోండి. సూది పెట్టే కొసని బ్లేడుతో నున్నగా కోసేయాలి. పిస్టన్ బయటికి తీసి, కోసిన వైపు నుంచి లోపలికి తోయాలి. ఇప్పుడు నున్నటి అసలు అంచు రొమ్ముకి ఆనుతుంది. అలా తిప్పకుండా కోసిన అంచునే ఆనిస్తే చర్మం చీరుకుంటుంది. అందరూ తప్పేది ఇక్కడే. మెల్లగా లాగి అర నిమిషం, నిమిషం ఉంచి, వదిలి, మళ్ళీ. ప్రతి దఫాకి ముందు. కాన్పు అయ్యాకే చేయాలి, గర్భంలో వద్దు. నొప్పి వచ్చేలా లాగొద్దు.

గడ్డకట్టినప్పుడు కాపడం, మర్దన మేమూ చెప్తూనే వచ్చాం, కాబట్టి...

---

బ్రెస్ట్_క్లినిక్:

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి మేడమ్, ఆ సలహా మారింది. తల్లిపాల వైద్యుల అంతర్జాతీయ అకాడమీ 2022లో మార్గదర్శకాలు తిరగరాసింది. గట్టిగా మర్దన చేయొద్దు. మనం 'గడ్డ' అనేది సీసా మూతలా అడ్డుపడిన పెరుగు ముక్క కాదు. చుట్టూ కణజాలం వాచి, సన్నటి నాళాలు బయటినుంచి నొక్కుకుపోయాయి. వాచినదాన్ని పిసికితే ఇంకా వాస్తుంది, లోపల చిట్లుతుంది. "పూర్తిగా ఖాళీ చేయాలి" అని పంపు పెట్టి పదేపదే తీస్తే తయారీ ఇంకా పెరిగి మొదటికే వస్తుంది.

చేయాల్సింది: బిడ్డకి మామూలుగా ఎన్నిసార్లు ఇస్తారో అన్నిసార్లు ఇవ్వడం, మధ్యలో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టడం, ఇబుప్రొఫెన్ గానీ పారాసిటమాల్ గానీ వేసుకోవడం, రెండూ పాలిచ్చే తల్లికి సరిపడేవే. నల్లభాగం గట్టిపడి బిడ్డ పట్టలేకపోతే చనుమొన చుట్టూ వేళ్ళ కొసలతో ఛాతీ వైపు ఒక నిమిషం నొక్కి ఉంచండి, నీరు వెనక్కి జరిగి మెత్తబడుతుంది. జ్వరం, వణుకు, ఎర్రటి పట్టీ 24 గంటల్లో తగ్గకపోతే యాంటీబయాటిక్ కావాలి. ఆ పాలు బిడ్డకి చెడు చేయవు, మానేస్తేనే చీముగడ్డకి దారి. చీము పట్టినా ఇప్పుడు చాలావరకు అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో తీసేస్తున్నాం, పెద్ద కోత అక్కర్లేదు.

---

ఉగ్గుగిన్నె:

సరేనండి, ఒప్పుకుంటున్నాను. ఒక్క సవరణ. తాగించే ముందు రెండు నిమిషాలు గోరువెచ్చని గుడ్డ వేస్తే కొందరికి చేపు తేలిగ్గా వస్తుంది, హాయిగా ఉంటే వేసుకోనివ్వండి. రోజంతా కాపడం మాత్రం వద్దు.

---

తార్నాక_లెక్కలు (పోషకాహారం):

పథ్యం గురించి. 750 మిల్లీలీటర్ల పాలంటే దాదాపు 500 కిలోక్యాలరీలు ఒంట్లోంచి వెళ్ళిపోతున్నట్టు. అందుకే మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మొదటి ఆరు నెలలు రోజుకి 600, తర్వాతి ఆరు నెలలు 520 కిలోక్యాలరీలు అదనంగా తినమంటుంది. 600 అంటే ఇంచుమించు ఇంకో పూట భోజనం. కాల్షియం రోజుకి 1,200 మిల్లీగ్రాములు.

తల్లి తక్కువ తిన్నా పాల పరిమాణం అంత తేలిగ్గా తగ్గదు, తన ఒంట్లోంచి తీసి ఇస్తుంది. కానీ కొన్ని విటమిన్లు అలా కాదు. ఎ, బి1, బి12 తల్లి తిండిలో లేకపోతే పాలలోనూ లేనట్టే. పాలిష్ బియ్యం, చారు, కారప్పొడితో నెలల తరబడి గడిపిన తల్లి బిడ్డకి బి1 లోపంతో గొంతు బొంగురుపోయి, ఆయాసం వచ్చి, గుండె దెబ్బతినే ప్రమాదం ఉంది. పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు ఆపడానికి ఏ కారణమూ లేదు. నీళ్ళు దాహమైనంత. లెక్కపెట్టి తగ్గించడమూ వద్దు, పాలు పెరుగుతాయని బలవంతాన తాగించడమూ వద్దు.

కోస్తాలో బాలింతకి సొరపుట్టు (సొరచేప పొడికూర) పెడతారు. మాంసకృత్తులకి మంచిదే. కానీ పెద్ద సొరల్లో పాదరసం పేరుకుంటుంది, అదే పనిగా పెట్టకండి. నెత్తళ్ళు, కవళ్ళు అంతకంటే మేలు. బొప్పాయి కూర, వెల్లుల్లి, మెంతులు ఇష్టమైతే తినొచ్చు, కానీ రాత్రి దఫా మానేసి మెంతులు మింగితే పాలు పెరగవు. బిడ్డకి తేనె, పంచదార నీళ్ళు వద్దే వద్దు. ఏడాది లోపు తేనెతో బొట్యులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) రావచ్చు.

---

బ్రెస్ట్_క్లినిక్:

మిగిలిన రెండు ప్రశ్నలు.

చంకలో ఉండ. గర్భంలో ఐదారు వారాలప్పుడే పిండానికి చంక నుంచి గజ్జ దాకా రెండు పక్కలా పాలగీత ఒకటి ఏర్పడుతుంది. ఛాతీ దగ్గరి భాగం తప్ప మిగతాది కరిగిపోవాలి. కొందరికి చంకలో కొంచెం మిగులుతుంది. అది అప్పటిదాకా తెలియదు, పాలు పడగానే అదీ ఉబ్బుతుంది. బయటికి దారి ఉండదు కాబట్టి వాడకం లేని ఆ తిత్తులు వారం పది రోజుల్లో వాటంతటవే చల్లబడతాయి. పిసకకుండా ఐసు పెట్టండి. తగ్గకుండా రెండు వారాలు దాటితే చూపించండి. రొమ్ములో గడ్డకైనా ఇదే లెక్క, పాలిచ్చే తల్లి కదా అని వదిలేయకూడదు.

పాలు మాన్పించేటప్పుడు వేపపసరు రాసి ఒక్కరోజులో ఆపేస్తుంటారు. రొమ్ముకి ఆ సంగతి తెలియదు, నింపుతూనే ఉండి గడ్డకడుతుంది. మూడు నాలుగు రోజులకి ఒక దఫా చొప్పున తగ్గించండి. ఆగాక పాలు చేసే కణాలు చనిపోయి ఆ జాగాలోకి కొవ్వు తిరిగి వస్తుంది. రొమ్ము జారడానికి వయసు, గర్భాల సంఖ్య, బరువులో హెచ్చుతగ్గులు కారణం. నింద పాలివ్వడం మీద పడుతుంది. పైగా పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం తగ్గుతుందని 30 దేశాల 47 అధ్యయనాలు కలిపి 2002లో లెక్కకట్టారు.

ముట్లు వచ్చే వయసులో నెలసరికి ముందు వారం రొమ్ము బరువెక్కడం, రెండు పక్కలా సలుపు, చిన్నచిన్న ఉండలు మామూలు. చేత్తో చూసుకోవాలంటే ముట్టు మొదలైన 7 నుంచి 10 రోజుల మధ్య చూసుకోండి, అప్పుడు మెత్తగా ఉంటుంది. ఇరవైల్లో వేళ్ళ కింద గోలీలా జారే గడ్డ సాధారణంగా ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ. అయినా ఒకసారి స్కాన్ చేయించాలి.

ముట్లు ఆగాక కథ తిరగబడుతుంది. ఈస్ట్రోజన్ తగ్గి తిత్తులు ముడుచుకుపోతాయి, కొవ్వు మిగులుతుంది. అంటే కొత్తగా ఉండ కట్టడానికి హార్మోను కారణం ఇక లేదు. కాబట్టి యాభై దాటాక వచ్చిన కొత్త గడ్డని క్యాన్సర్ కాదని తేలేదాకా క్యాన్సర్ అనుకునే చూడాలి. ఎక్కువ క్యాన్సర్ గడ్డలకి మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడం ధైర్యం కాదని మీ మీటింగులో రెండుసార్లు చెప్పండి. చర్మం గుంట పడటం, నారింజ తొక్కలా అవడం, ఇన్నాళ్ళూ బయటికున్న చనుమొన లోపలికి లాగుకోవడం, పిండకుండానే ఒక పక్క నుంచి రక్తపు చుక్క, మందులకి తగ్గని చనుమొన మీది పుండు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఈ వయసులోనే బాగా పనిచేస్తుంది. కొవ్వు నల్లగా, గడ్డ తెల్లగా కనిపిస్తాయి. పాతికేళ్ళ రొమ్ములో అంతా తెల్లగానే ఉంటుంది కాబట్టి అక్కడ అల్ట్రాసౌండ్.

ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళందరికీ ఐదేళ్ళకోసారి శిక్షణ పొందిన సిబ్బంది రొమ్ము పరీక్ష చేయాలని ఉంది. మీ తల్లుల సమావేశానికి వాళ్ళ అత్తలూ అమ్మలూ ఎలాగూ వస్తారు. ఆ రోజే ఏఎన్ఎం గారిని పిలిపించి, పక్క గదిలో ఒక మంచం, ఒక తెర ఏర్పాటు చేయండి.